మచ్చు ఎవరి చేతిలో

డిజైన్ చదువు ముగించిన అబ్బాయో అమ్మాయో "డిజైన్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్తాను" అంటే గోదావరి జిల్లాల్లో చాలామంది పెద్దవాళ్లకు అది ఏ బెంగళూరు కంపెనీ ఉద్యోగమో అనిపిస్తుంది. పేరు కొత్తదే. ఆ పేరుతో మైఖేల్ ఫార్ ఇంగ్లండులో పుస్తకం వేసింది 1966లో. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది 1961లో. ఆంధ్రప్రదేశ్‌కు అలాంటి సంస్థ వచ్చేసరికి 2015 అయింది, అదీ నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో సర్దుకుని. పని మాత్రం పేరు కోసం ఆగలేదు. వస్తువు ఎలా ఉండాలో తేల్చే చోటికీ, దాన్ని చేసే చేతులకీ, కొనే బజారుకీ నడుమ ఒక కుర్చీ ఉంటుంది. ఏ మచ్చు పంపాలి, పనిని ఎవరెవరికి పంచాలి, మజూరీ ఎంత, వచ్చిన సరుకులో ఏది ఒప్పు, ఏది తప్పు అన్నవి ఆ కుర్చీలో తేలతాయి. డెల్టాలో ఆ కుర్చీకి మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఇక్కడి చేతిపనుల మంచిచెడ్డలు పనివాళ్ల నేర్పు మీద కన్నా, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడ్డాయని నా వాదన. డిజైన్ నేర్చినవాళ్లు అందులో కూర్చున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కంపెనీ రోజుల నుంచి చూద్దాం. నర్సాపురానికి ఆనుకుని మాధవాయపాలెం, కోనసీమలో బండమూర్లంక, యానాం పక్కన ఇంజరం. ఈ మూడూ ఈస్టిండియా కంపెనీ గుడ్డ కొన్న వర్తక స్థావరాలు. లండన్ వేలంలో ఏ రకానికి గిరాకీ ఉందో డైరెక్టర్లు ఉత్తరాల్లో రాసేవారు. ఆ కొలతకీ ఆ నేతకీ తగిన మచ్చు గుడ్డ స్థావరంలో ఉండేది. బయానా ఇచ్చి నేయించిన తానులను దాని పక్కన పరిచి రకాలు విడగొట్టేవారు. రకం ఒక మెట్టు దిగితే ధరా దిగేది. అసలే నచ్చకపోతే తాను వెనక్కి, అప్పు నేతగాడి నెత్తికి. మొదట్లో ఈ వ్యవహారం సాలె కులాల పెద్దల ద్వారా నడిచేది. గోదావరి నేతపల్లెల్లో వారిని సేనాపతులనేవారు. నేత తెలిసినవాడే కంపెనీతో మాట్లాడేవాడు కాబట్టి, ఈ ఏడు నూలు బాగా రాలేదనో, ఈ ధరకు ఈ నేత కుదరదనో చెప్పే నోరు ఒకటి ఉండేది. 18వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో కంపెనీ ఆ మధ్య మనుషులను పక్కకు నెట్టి తన గుమాస్తాలను దింపింది. 1798లో గోదావరి ప్రాంతపు నేతగాళ్లు తిరగబడ్డారు. ఆ గొడవకు ధరలు, బయానాల ఉచ్చు, గుమాస్తాల దౌర్జన్యం ఇలా చాలా కారణాలున్నాయి. కానీ అన్నింటికీ అడుగున ఉన్న తగాదా మచ్చు గురించేనని నాకు తోస్తుంది. తానును మచ్చుతో పోల్చి చూసే అధికారం నేత తెలిసిన చేతి నుంచి తెలియని చేతికి మారింది.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిన కథే, త్వరగా దాటేద్దాం. 1830 నాటికి కంపెనీ గుడ్డ వ్యాపారం ఇక్కడ ముగిసింది. మాధవాయపాలెం పేరు మాత్రం 'మదపొల్లం' రూపంలో ఇంగ్లండు మిల్లు గుడ్డకు అతుక్కుని బతికింది. 1866లో లండన్‌లోని ఇండియా ఆఫీసులో పనిచేసిన ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు గుడ్డల నుంచి 700 ముక్కలు కత్తిరించి 18 సంపుటాల్లో అతికించాడు. అలాంటి ప్రతులు 20 తయారైతే 13 బ్రిటన్‌లోనే ఉంచారు, అక్కడి మిల్లుల వాళ్లు చూసుకోవడానికి. ఇక్కడి జనానికి ఏ అంచు ఇష్టమో, ఏ కొలత చీర కావాలో మాంచెస్టర్‌లో కూర్చుని తెలుసుకునే ఏర్పాటది. నేతగాడిని కదపకుండా అతని మచ్చును మాత్రమే ఎత్తుకుపోతే చాలని ఆ పుస్తకం తయారు చేసినవాడికి బాగా తెలుసు.

అదే నర్సాపురంలో అప్పటికే మరో మచ్చు దిగింది. మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో ఈ ప్రాంతం చేరి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. లేసు అల్లిక 1844లో మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతుల వల్ల ఎగువన దుమ్ముగూడెంలో మొదలైందని చెబుతారు. మొదటి ఇల్లు ఎక్కడిదైనా, కొక్కెపు సూది (క్రోషే), నూలు దారం, తీరిక దొరికినప్పుడు ఇంట్లోనే చేసుకునే పని అన్న పద్ధతి డెల్టా దిగువ పల్లెల్లో బలంగా నాటుకుంది. కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేద కుటుంబాల ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వచ్చే దారి కల్పించడం మిషన్ ఉద్దేశం. ఆ ఏర్పాటును దొరసానులు ఎలా నడిపారో చూస్తే, ఇవాళ తరగతి గదిలో చెప్పే పాఠం చాలావరకు అందులోనే ఉంటుంది. దారం సీమ నుంచి వచ్చేది. ఏ పువ్వు, ఏ అంచు, ఏ కొలత బల్లగుడ్డ అన్నది సీమలోని స్నేహితుల ఇళ్ల అలవాట్లను బట్టి తేలేది. అల్లినదాన్ని ఉతికి, సాగదీసి, లోపం ఉన్నదాన్ని విప్పించి, మిగిలినది అదే స్నేహితులకు పంపేవారు. కొనేవాళ్ల అభిరుచి, పనివాళ్ల శక్తి, ఈ రెంటినీ ఎరిగిన మనిషి ఒక్కరే కావడం వల్లే పని నిలబడింది. అల్లే మనిషికి మాత్రం తాను అల్లిన బల్లగుడ్డ ఏ బల్ల మీద పరుస్తారో తెలియదు. అలాంటి బల్ల ఆమె ఇంట్లో లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. దొరసానులకూ గుమాస్తాలకూ డిజైన్ మేనేజర్లని బిరుదివ్వడం కాలాన్ని తారుమారు చేయడం కాదా? వాళ్లు చేసింది దానధర్మం, వీళ్లు చేసింది వ్యాపారం అంటారు. కావచ్చు. వాళ్లు తమను ఏమని పిలుచుకున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఏ నిర్ణయాలు తీసుకున్నారన్నదే వస్తుంది. రూపం, కొలత, నాణ్యత, పని విభజన, ధర ఒకే చోట తేలుతున్నప్పుడు ఆ చోటును దాని పేరుతో పిలవకపోతే, చేసినవాళ్లను కళాకారులుగా పొగిడి, నిర్ణయాల సంగతి అడక్కుండా వదిలేస్తాం. చేతిపనుల మీద మనవాళ్లు రాసే వ్యాసాల్లో సగం ఈ పొగడ్తతోనే సరిపెడతాయి.

1900 ప్రాంతం నుంచి లేసు మిషన్ చేతుల్లోంచి స్థానిక ఎగుమతిదార్ల చేతుల్లోకి మారింది. మొదట క్రైస్తవ కుటుంబాల వ్యాపారులు. 1970ల నాటికి డెల్టా వరిపంటల మిగులు చేతికొచ్చిన రైతు కుటుంబాల వారు పెద్ద సంఖ్యలో ఇందులో దిగారు. అల్లేవాళ్లూ మారారు. పొలం పనికి పోవడం చిన్నతనంగా భావించే కాపు ఇళ్ల ఆడవాళ్లు కూడా గడప దాటక్కర్లేని ఈ పని పట్టుకున్నారు. 1970ల చివర జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం వచ్చి అధ్యయనం చేసి 1982లో పుస్తకం ప్రచురించింది. నర్సాపురం లేసు గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ పుస్తకం నుంచే. ఎగుమతిదారు దారం ఇస్తాడు, ఏజెంటు పంచుతాడు. ఒక ఊళ్లో పువ్వులు, మరో ఊళ్లో అంచులు, ఇంకొకచోట వాటిని కలిపే అతుకు పని. రోజంతా అల్లినా ఒక్క రూపాయి గిట్టని మజూరీ. లక్షకు పైగా ఆడవాళ్లు చేస్తున్న ఈ పనిని ఇంట్లోవాళ్లూ అధికారులూ తీరికవేళ కాలక్షేపంగా చూస్తుంటే, దాని మీద విదేశీ మారకం వస్తోంది. గృహిణి అన్న ముద్ర వల్లే ఆ శ్రమకు విలువ లేకుండా పోయిందని మీస్ వాదన.

ఆ వాదనను నేను కాదనను. కానీ అదే సాక్ష్యాన్ని డిజైన్ వైపు నుంచి చదివితే మరో సంగతి బయటపడుతుంది. పనిని పువ్వులుగా, అంచులుగా, అతుకులుగా ముక్కలు చేసిన క్షణంలోనే అల్లేవాళ్లకు పూర్తి వస్తువు మీద చూపు పోయింది. పూర్తి వస్తువు తెలియని చేయి దాన్ని మార్చలేదు, దానికి ధర కట్టలేదు, ఇంకొకరికి అమ్మనూలేదు. మామూలుగా లేసుకు రాసిన పటం అక్కర్లేదు. మచ్చు చూసి కుట్లు లెక్కపెట్టి తిరిగి అల్లగల నేర్పరి దాన్ని వేళ్లతోనే చదువుతుంది. అంత తెలివి ఉన్నచోట కొత్త అల్లికలు పుట్టాలి. పుట్టినా అవి ఏజెంటు సంచిలో పడి, పేరూ ప్రతిఫలమూ లేకుండా మరుసటి వారానికి పదిమంది మచ్చులైపోయే ఏర్పాటు ఇది. ఇలాంటి చోట కొత్తది కనిపెట్టడం కన్నా ఉన్నదాన్నే త్వరగా అల్లడం లాభం. తర్వాతి దశాబ్దాల్లో చైనా యంత్రపు లేసు చవగ్గా దిగినప్పుడు నర్సాపురం ఎందుకు తడబడిందో వెతకాల్సింది ఇక్కడే. ధర ఒక్కటే ఆయుధంగా ఉన్న అల్లిక, అంతకన్నా తక్కువ ధర ఎదురైతే ఏంచేస్తుంది?

ఎగుమతిదార్లను దుర్మార్గులుగా చూపడం తేలికే గానీ అది సరైన లెక్క కాదు. దారం ముందు కొనేది వాళ్లు. ఓడకెక్కిన సరుకును విదేశంలో కొనేవాడు తిప్పికొడితే మునిగేదీ వాళ్లే. అందుకే పెట్టుబడి లేకుండా మచ్చు చేతికి రాదని వ్యాపారులు అంటే అందులో నిజం ఉంది. అయితే పెట్టుబడి ఉంటే చాలునన్న మాటను ఇదే చరిత్ర ఖండిస్తుంది. కంపెనీకి పెట్టుబడికి కొదవేముంది? తగ్గించిన ధరకు పాత రకాన్నే రాబట్టడం తప్ప దానికి ఇక్కడ ఇంకేమీ చేతకాలేదు.

మరి రూపం నేర్చినవాళ్లు ఎక్కడున్నారు? అదే నది ఎగువన, రాజమండ్రిలో. 1897లో పుట్టిన దామెర్ల రామారావు అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, 1920ల మొదట్లో తిరిగివచ్చి సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచితో, 28 ఏళ్లయినా నిండకుండా పోయాడు. వరదా వెంకటరత్నం ఆ బడి బాధ్యత తలకెత్తుకున్నాడు. ఆంధ్ర చిత్రకళకు ఆ కొద్ది ఏళ్లు ఇచ్చింది తక్కువేమీ కాదు. కానీ నర్సాపురం దాకా కాలువలో పడవలు నడిచిన ఆ కాలంలో, వేలాది ఆడవాళ్లు అల్లుతున్న లేసు వైపు ఆ బడి తిరిగినట్టు కనబడదు. ఇందుకు రామారావును తప్పుపట్టడం అన్యాయం. అతని తరానికి చిత్రం అంటే జాతి ఆత్మగౌరవం. లేసు అంటే దొరసాని బల్లగుడ్డ. జాతీయవాదం నేతకు పీట వేసింది, క్రోషేకు వేయలేదు. పైగా అది ఆడవాళ్ల పని, ఇంటి పని. కూల్డ్రే శిష్యుల్లో మరొకడు, భీమవరం వైపువాడైన అడివి బాపిరాజు, సినిమాలకు కళాదర్శకుడయ్యాడు. వడ్రంగి, దర్జీ, రంగులవాడు, కెమెరా వీళ్లందరినీ ఒక రూపం కిందికి తేవడమే కళాదర్శకుడి ఉద్యోగం కాబట్టి, డెల్టా చిత్రకారుల్లో ఆ కుర్చీకి అందరికన్నా దగ్గరగా వచ్చింది అతనేనంటాను. అయితే అది డెల్టా బయటి కుర్చీ. 1933లో నర్సాపురంలోనే పుట్టిన బాపు కూడా న్యాయశాస్త్రం చదివి, మద్రాసు ప్రకటనల సంస్థల్లో, పత్రికల్లో, పుస్తకాల అట్టల మీద తెలుగువాళ్ల కంటికి ఒక గీత అలవాటు చేశాడు. ఆ గీతకు జీతమిచ్చే చోటు సొంత ఊళ్లో లేదు. ఊళ్లో పెద్ద ఎగుమతి వ్యాపారమే ఉంది, గీత తెలిసిన మనిషికి మాత్రం అందులో ఖాళీ లేదు.

రాజమండ్రిలోనే ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. కోసూరి వెంకటరత్నం పెన్నుల తయారీ 1932లో మొదలైంది. పూర్తిగా స్వదేశీ వస్తువు కావాలన్నది గాంధీ పెట్టిన షరతు. విదేశీ భాగాలున్న పెన్ను ఆ షరతుకు నిలవలేదు. మళ్లీ చేసి, గాంధీ అనుచరుడు కుమారప్ప పరిశీలన దాటాక, 1935 జూలైలో గాంధీ నుంచి మెప్పు ఉత్తరం వచ్చింది. స్వాతంత్ర్యోద్యమ ముచ్చటగా ఈ కథ అందరూ చెబుతారు. డిజైన్ కథగా చూస్తే ఇందులో షరతు స్పష్టంగా ఉంది, తిరస్కారం ఉంది, మళ్లీ చేయడం ఉంది. మచ్చు చేసినవాడూ దుకాణదారూ ఒక్కడే. తిరస్కరించిన పెన్ను ఖర్చు ఎవరిదన్న తగవు రాలేదు, ఎందుకంటే రెండో ప్రయత్నం ఫలం కూడా అతనిదే. నర్సాపురంలో కొత్త మచ్చు కుదరకపోతే పోయేది అల్లిన మనిషి పొద్దు. కుదిరితే వచ్చేది ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

ప్రయత్నాల ఖర్చు ఎవరిదన్న ప్రశ్నే ఈ వృత్తికి మూలమని జాందానీ చీరల ఊరు ఉప్పాడ కూడా చూపిస్తుంది. జాందానీలో పువ్వును వేరే దారంతో, పేక పడినప్పుడల్లా చేత్తో ఎక్కిస్తారు. వెనకవైపు తేలే దారాలుండవు. పనితనం ఎక్కువైన చీర నెలల తరబడి మగ్గం దిగదు. అలాంటి చోట కొత్త బుటా వేసి చూడమనడమంటే ఓ కుటుంబం తిండిని పందెం పెట్టమనడం. 1980ల చివర్లో డిజైనర్ ఘనశ్యాం సరోదే పాత జాందానీ నమూనాలను వెతికించి, కొత్త రంగులతో నేయించి, నగరపు కొనుగోలుదార్ల ముందు పెట్టడంతో ఆ నేత మళ్లీ ఊపిరి పీల్చుకుంది. 2009లో ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. డిజైనర్ ఆ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి డెల్టా అంచున దొరికే మంచి సాక్ష్యం ఇదే. కీర్తి డిజైనర్‌కు, లాభం షావుకారుకు, మెడనొప్పి నేతగాడికి అని విమర్శించేవాళ్లు లేకపోలేదు. పూర్తిగా కొట్టిపారేయలేం. అయినా పాత రకాన్నే ఇంకా చవగ్గా నేయమని అడిగే మనిషికీ, ఎక్కువ ధర పలికే రకాన్ని వెతికి తెచ్చిన మనిషికీ తేడా ఉంది. మజూరీ పెంచమని అడగడానికి రెండో దారిలోనే చోటుంటుంది.

అంతకన్నా గట్టి అభ్యంతరం డిజైన్ చదివిన పిల్లల వైపు నుంచే వస్తుంది. ఆ కుర్చీకి జీతం ఎవరిస్తారు? బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థ ఇచ్చే జీతం ముందు నర్సాపురం సహకార సంఘం నిలవగలదా? నిలవలేదు, కనీసం ఇప్పుడున్న లెక్కల్లో. 2000ల్లో ప్రభుత్వం నర్సాపురం పక్కన సీతారామపురంలో లేసు పార్కు కట్టి, మహిళా సంఘాలను అందులోకి తెచ్చింది. ఏజెంటును దాటి ఆడవాళ్లే నేరుగా అమ్ముకోవాలన్నది ఆలోచన. భవనం వచ్చింది, శిక్షణలు వచ్చాయి. శిక్షణ అంటే మనకు సాధారణంగా అల్లడం వచ్చినవాళ్లకు మళ్లీ అల్లిక నేర్పడమే. వాళ్లకు లేనిది అది కాదు. ఏ దేశపు బజారుకు ఏ కాలంలో ఏ వస్తువు పంపాలి, ఒక మచ్చుకు ఎన్ని గంటలు పడతాయి, ఆ గంటలకు ఎంత వేసి ధర చెప్పాలి, ఎంత మేర ఊళ్లకు పంచాలి, ఎక్కడ ఒక్క చేతి మీదే పూర్తి చేయించాలి అని లెక్కగట్టే మనిషి కావాలి. అది బొమ్మ గీసే ఉద్యోగం కాదు. అలాగని జమాఖర్చుల గుమాస్తా ఉద్యోగమూ కాదు. డిజైన్ బడిలో మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు దేనికి పనికొస్తారని అడిగితే, నేను మొదట చూపేది ఈ ఖాళీనే. జీతం సంగతికొస్తే, మచ్చుల తయారీని శిక్షణ పద్దు నుంచి తీసి ఉత్పత్తి ఖర్చులో పడేస్తే గానీ అది తేలదు. ఎగుమతి ధరలో ఏజెంటు కమీషన్‌కు చోటున్నప్పుడు, మచ్చు పెట్టే మనిషికి చోటు లేదనడం లెక్కకు నిలిచే మాట కాదు.

2024లో నర్సాపురం క్రోషే లేసుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. పండగ చేసుకోవాల్సిందే, కానీ అది కాపాడేది ఏమిటో చూడాలి. భౌగోళిక గుర్తింపుల చట్టం కింద ఊరి పేరును వేరేవాళ్లు తమ సరుకు మీద వాడుకోకుండా ఆపొచ్చు. కొత్తగా పుట్టిన ఒక పువ్వును నకలు చేయకుండా ఆపలేం. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది: నమోదైతే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ. మొదటి చట్టానికి దరఖాస్తు పెట్టడానికి సంఘం చాలు. రెండో చట్టానికి ఈ మచ్చు కొత్తది, ఇది ఫలానా వారిది అని తేల్చి, బజారులోకి వెళ్లకముందే కాగితం మీద పెట్టే మనిషి కావాలి, ఎందుకంటే ఒకసారి బయటపడ్డ డిజైన్‌కు నమోదు దొరకదు. ఏజెంటు సంచిలో ఊరూరా తిరిగాక రాసుకుందామంటే కుదరదు. లేసు పార్కులో ఇవాళ తెరవాల్సిన పుస్తకం అలాంటి మచ్చుల పుస్తకం. అందులో ప్రతి మచ్చు పక్కనా మొదట అల్లిన ఆవిడ పేరు, పట్టిన గంటలు, వేసిన ధర ఉండాలి. ఫోర్బ్స్ వాట్సన్ సంపుటాల్లో గుడ్డలకు ఊళ్ల పేర్లూ కొలతలూ రాసుకున్నారు గానీ, నేసినవాళ్ల పేరుకు గడి పెట్టలేదు.